బాపు పన్నెండేళ్లు ఉన్నాడు, నేను ఆరు నెలలు ఉండలేనా?

ఈసారి ఉత్తరం జర్మనీ నుంచి వచ్చింది. రాసిన అమ్మాయిది హుజూరాబాద్ దగ్గర పల్లె. పదో తరగతి వరకు తెలుగు మీడియం సర్కారు బడి, తర్వాత హనుమకొండలో ఇంటర్, ఇంజినీరింగ్. పోయిన అక్టోబర్‌లో మాస్టర్స్ కోసం వెళ్లింది. పేరు, యూనివర్సిటీ వేయొద్దని అడిగింది కాబట్టి గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. ఉత్తరం చాలా పెద్దది, అందులోని సంగతులు ఇవి.

మొదటి రెండు నెలలు హాయిగా గడిచాయి. రైళ్లు, మంచు, క్రిస్మస్ మార్కెట్లు, అన్నీ ఫొటోలు తీసి ఇంటికి పంపింది. నలుగురు తెలుగు అమ్మాయిలు ఒక ఫ్లాట్‌లో ఉంటారు. వంతులవారీగా వంట, రాత్రిళ్లు సినిమాలు, ఇంటి ముచ్చట్లు. డిసెంబర్ చివరి నుంచి మాత్రం పొద్దున మంచం దిగడమే కష్టమైపోయింది. అదే సమయంలో క్లాసులో గ్రూప్ ప్రాజెక్టు పడింది. ఒక జర్మన్ అబ్బాయి, ఒక ఇరాన్ అమ్మాయి, ఒక కొలంబియా అబ్బాయి, ఈమె. మొదటి మీటింగ్‌లోనే ఈమె చేసిన భాగం చూసి జర్మన్ అబ్బాయి "ఇది పనిచేయదు, మళ్లీ చేయాలి" అని అందరి ముందు అన్నాడు. ఆ రాత్రి ఏడుస్తూనే పడుకుంది. అప్పటి నుంచి మీటింగుల్లో నోరు తెరవదు. చెప్పిన పని చేసి మెయిల్‌లో పంపుతుంది. జనవరిలో వాళ్లే అడిగారట: "నువ్వు పని బాగా చేస్తావు, కానీ ఏమనుకుంటున్నావో ఎప్పుడూ చెప్పవు. నీకు ఇష్టమో కాదో మాకెలా తెలుస్తుంది?" అది తనను చిన్నచూపు చూడటమేనని ఈమె అనుకుంది. మీటింగ్ తర్వాత వాళ్లు బీరు తాగడానికి వెళ్తారు, ఈమె ఇంటికి వచ్చేస్తుంది.

ఫిబ్రవరి పరీక్షల్లో ఒక సబ్జెక్టు పోయింది. మధ్యలో ఒక ఆదివారం యూనివర్సిటీ పిల్లల నడక గుంపుతో అడవికి వెళ్లింది. చాన్నాళ్ల తర్వాత మనసు తేలికపడింది. ఇంటికొచ్చేసరికి ఫ్లాట్‌లో "ఇగ నువ్వు తెల్లోళ్లల్ల కలిసిపోయినవ్, మేము యాడ కనిపిస్తం" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఈమె మళ్లీ వెళ్లలేదు.

ఇంట్లో ఇవేవీ తెలియవు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (అక్కడి ఏడాది ఖర్చులకు ముందే వేసి, నెలనెలా కొంత తీసుకునే ఖాతా) వేయాల్సిన 11,904 యూరోలకు బాపు ఎకరం భూమి తాకట్టు పెట్టాడు. ఒకరోజు ఫోన్‌లో ఈమె గొంతు మారితే ఆయన అన్న మాట ఇది: "నేను పన్నెండేండ్లు దుబాయ్ల ఉన్న. ఒక్కనాడన్న వస్తనని అన్ననా? నీకేం తక్కువున్నది బిడ్డా, సర్దుకోవాలె." చివర్లో మూడు ప్రశ్నలు రాసింది. కొత్తచోట ఇమిడే గుణమే నాకు లేదా? ఉండాలంటే పూర్తిగా వాళ్లలా మారిపోవాలా? లేకపోతే తిరిగి వచ్చేయడమే మంచిదా?

బిడ్డా, మొదటి ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఆ గుణం నీకుంది. ఒకసారి వాడి చూపించావు కూడా. ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లిష్ పాఠాలు అందక తెలుగు అక్షరాల్లో నోట్సు రాసుకున్నానని, రాత్రిపూట రూమ్మేట్ పక్కన కూర్చుని వాటిని ఇంగ్లిష్‌లోకి మార్చుకున్నానని, మూడో ఏడాదికి సెమినార్ ఇచ్చానని నువ్వే రాశావు. ఆ ముక్కను రెండు వాక్యాల్లో తేల్చేసి ముందుకు వెళ్లిపోయావు. ఉత్తరం మొత్తంలో నేను ఆగి రెండోసారి చదివింది అక్కడే. హుజూరాబాద్ నుంచి హనుమకొండకు బస్సులో గంట ప్రయాణమే కావచ్చు, పల్లె బడిలో చదివిన పిల్లకు ఆ మార్పు చిన్నదేమీ కాదు. అప్పుడు నీకు ఎవరూ దారి చూపలేదు. నువ్వే ఒక పద్ధతి కనిపెట్టుకున్నావు.

ఆస్ట్రేలియాలో ఆండ్రూ మార్టిన్ అనే విద్యా మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటి పరిశోధకులు 2012లో ఈ గుణం గురించి ఒక వ్యాసం రాశారు. అలవాటులేని పరిస్థితి ఎదురైనప్పుడు మనిషి సర్దుబాటు చేసుకోవాల్సినవి మూడు ఉంటాయంటారు వాళ్లు. పరిస్థితిని చూసే ఆలోచన, చేసే పనుల తీరు, లోపల రేగే భావాలు. నేను చూసినంతలో ఈ మూడూ ఒకే వేగంతో మారవు. నీ సంగతే తీసుకో. పనుల్లో నువ్వు గట్టిదానివి. చెత్తను వేర్వేరు డబ్బాల్లో వేయడం, ఆదివారం షాపులుండవని శనివారమే కూరగాయలు తెచ్చుకోవడం, రాత్రి పది దాటితే మిక్సీ వేయకపోవడం, ఇవన్నీ నెల తిరక్కుండానే నేర్చుకున్నానని రాశావు. ఇరుక్కున్నది ఆలోచన దగ్గర. "ఇది పనిచేయదు" అన్న మాటను నువ్వు "నువ్వు పనికిరావు" అని విన్నావు. ఆ వినికిడి నుంచి బాధ పుట్టింది, బాధ నుంచి మౌనం వచ్చింది. ఆ మౌనం చూసి వాళ్లు నీకు ఆసక్తి లేదనుకున్నారు.

మన ఇళ్లలో ఆడపిల్లకు చిన్నప్పటి నుంచి నేర్పేది ఎక్కువగా భరించడమే. బాధైనా బయటపడకుండా పని చేసుకుపోవడం మనకు బాగా వచ్చు. ఆరు నెలలుగా నువ్వు చేస్తున్నది అదే. బయటి నుంచి చూసేవాళ్లకు సర్దుకున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ మారదు, అలసట పెరుగుతూ పోతుంది. నువ్వు ఇమడలేకపోతున్నావని నాకు అనిపించడం లేదు. అంతా ఒంటరిగా భరిస్తూ వచ్చి అలసిపోయావు.

హనుమకొండలో నేను అమ్మాయిల హాస్టల్ చూసుకున్న రోజుల్లో ఉట్నూరు, జైనూరు వైపు నుంచి గోండు పిల్లలు వచ్చేవాళ్లు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, ఇక్కడికొస్తే ఇంగ్లిష్ పుస్తకాలు. మన మధ్యే ఉన్నా వాళ్లకు ఇది పరాయి దేశమే. కొందరు గోండి మాట్లాడితే నవ్వుతారని దాన్నే దాచేవాళ్లు. కొందరు తమ ఊరి పిల్లల గదిలోంచి బయటికే రాకపోయేవాళ్లు. నిలదొక్కుకున్నవాళ్లు మాత్రం రాత్రి అమ్మతో ఫోన్‌లో గట్టిగా గోండిలో మాట్లాడేవాళ్లు, పొద్దున మెస్సులో తెలియని మాట వినిపిస్తే సిగ్గుపడకుండా అడిగేవాళ్లు. అది చూసిన తర్వాత, ఒకటి వదిలితేనే ఇంకోటి దొరుకుతుందని ఎవరన్నా నేను నమ్మను.

ఇక శరీరం సంగతి. దీన్ని నువ్వు అసలు లెక్కలోకే తీసుకోలేదు. డిసెంబర్ చివర్లో కూడా మన వరంగల్‌లో పదకొండు గంటల పగలు ఉంటుంది. నువ్వున్న చోట ఎనిమిది గంటలు కూడా ఉండదు. సాయంత్రం నాలుగింటికే చీకటి, ఉన్న పగలంతా మబ్బు. నువ్వు పుట్టి పెరిగిన ఎండకు, దీనికి పోలికే లేదు. ఆ నెలల్లో నిద్ర ఎక్కువవడం, మనసు మొద్దుబారడం అక్కడే పుట్టి పెరిగినవాళ్లలోనూ చాలామందికి జరుగుతుంది. నీ గుణం గురించిన తీర్పు సగం ఆ చీకటి నెలల్లోనే ఇచ్చేసుకున్నావు. మార్చి చివరికల్లా పగలు రాత్రిని దాటుతుంది. పొద్దున వెలుతురులో అరగంట నడువు. హెల్త్ ఇన్సూరెన్స్ లేకుండా అక్కడ అడ్మిషనే ఇవ్వరు కాబట్టి నీకు ఉండే ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లి విటమిన్ డి పరీక్ష గురించి అడుగు. ఎండాకాలం మొదలయ్యాక కూడా ఆకలి, నిద్ర దారికి రాకపోతే, లేదా బతుకు మీదే విసుగు పుడితే ఆలస్యం చేయొద్దు. విద్యార్థుల హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపే స్టుడియెరెండెన్‌వెర్క్ వాళ్ల దగ్గర కౌన్సెలింగ్ ఉంటుంది, చాలాచోట్ల ఉచితంగానే. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లు కావాలని మెయిల్‌లో ముందే రాయి. అలా వెళ్లిన సంగతి నీ రిజల్టు మీద రాదు.

మొదట బాగుండి తర్వాత ఇలా అయ్యానేమిటి, వెనక్కి పోతున్నానా అని కూడా అడిగావు. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లిస్‌గార్డ్ 1955లో ఒక అధ్యయనం ప్రచురించాడు. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లొచ్చిన సుమారు 200 మంది నార్వేవాళ్లను ఆయన పలకరించాడు. ఆరు నెలల లోపు ఉండి వచ్చినవాళ్లు, ఏడాదిన్నర దాటి ఉన్నవాళ్లు బాగానే ఇమిడారు. ఎక్కువ ఇబ్బందిపడ్డవాళ్లు ఈ రెంటికీ మధ్య ఉన్నవాళ్లే. అక్టోబర్ నుంచి లెక్కపెట్టుకుంటే నువ్వు సరిగ్గా ఆ మధ్యలోకి అడుగుపెడుతున్నావు. అయితే దీన్ని జాతకంలా పట్టుకోవద్దు. తర్వాత న్యూజిలాండ్‌లో కొలీన్ వార్డ్ లాంటి పరిశోధకులు విద్యార్థులను నెలల తరబడి గమనిస్తే, చాలామందికి అసలు కష్టం మొదట్లోనే ఎక్కువగా కనిపించింది. అందరి దారీ ఒక తీరుగా ఉండదు. వాళ్లలో ఎవరు చెప్పినా, ఆరో నెలలో కుంగినవాళ్లు అక్కడితో ఆగిపోతారని మాత్రం చెప్పలేదు.

ప్రాజెక్టు గ్రూపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నిన్ను ఎక్కువగా నొప్పించింది అదే, త్వరగా మారగలిగేదీ అదే.

మన దగ్గర ఒకరి పనిలో తప్పు కనిపిస్తే నలుగురిలో అనం. "బాగుంది, ఇంకొంచెం చూడు" అంటాం, లేకపోతే తర్వాత పక్కకు పిలిచి చెప్తాం. వినేవాళ్లకు ఆ మెత్తదనంలోంచే అసలు మాట అందుతుంది. జర్మన్ క్లాసుల్లో ఎక్కువమంది పని గురించి నేరుగా అంటారు. అదే నోటితో పది నిమిషాల తర్వాత వారాంతం ఎలా గడిచిందని అడుగుతారు. ఆ అబ్బాయి అందరి పనినీ అలాగే అంటాడా, నిన్ను ఒక్కదాన్నే అంటాడా? నువ్వు రాయలేదు. ఇది తెలుసుకోకుండా నేనూ తీర్పు చెప్పను. అందరినీ అంటే అది అతని తీరు. నిన్ను ఒక్కదాన్నే, అదీ నీ దేశాన్నో ఉచ్చారణనో పట్టుకుని అంటే అది వేరే సంగతి. దానికి నువ్వు సర్దుకోనక్కర్లేదు. ప్రొఫెసర్‌ను కలిసే వేళల్లో వెళ్లి చెప్పాలి. యూనివర్సిటీలో వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునేవాళ్లు ఉంటారు, వాళ్లకూ చెప్పవచ్చు. పరాయి దేశంలో ఉన్నాం కదా అని దేనికైనా తల వంచడం మంచితనం అనిపించుకోదు.

అది అతని తీరే అనుకుందాం. అప్పుడు నీ ముందు రెండు దారులున్నాయి. ఇప్పటిలాగే మౌనంగా పని చేసి పంపిస్తూ పోవచ్చు. మార్కులు రావచ్చు. కానీ నీ భాగం ఎందుకు అలా చేశావో చెప్పే అలవాటు రాదు, రేపు థీసిస్ రోజు ప్రొఫెసర్లు అడిగేది సరిగ్గా దాన్నే. రెండోది, ఒకసారి నోరు తెరిచి చెప్పడం. "మా దగ్గర గ్రూపులో ఎదురు చెప్పడం అలవాటు లేదు, అందుకే నేను మాట్లాడలేదు. నాకు ఆసక్తి లేక కాదు. మీటింగ్‌కు ముందు రోజు విషయాలు పంపితే నా మాట సిద్ధం చేసుకుని వస్తాను." ఇంతే. ఒక నిమిషం పట్టదు. జనవరిలో వాళ్లు అడిగిన ప్రశ్నను నువ్వు నిందగా తీసుకున్నావు. నాకు అది పిలుపులా వినిపించింది. నీ అభిప్రాయంతో పని లేనివాళ్లు అది అడగరు. ఈ మాట చెప్పాక కూడా వాళ్ల తీరు మారకపోవచ్చు. కనీసం నీ మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకోవడం మాత్రం ఆగుతుంది.

బీరు సంగతికి నీ రెండో ప్రశ్నతో సంబంధం ఉంది. పూర్తిగా వాళ్లలా మారాలా అంటే, అక్కర్లేదు. బార్‌కు వెళ్లి ఆపెల్‌షోర్లె అడుగు. ఆపిల్ జ్యూసులో సోడా కలిపి ఇస్తారు, అక్కడ పెద్దలు కూడా మామూలుగా తాగేదే. ఎవరూ వింతగా చూడరు. ఆ చోటే నీకు ఇబ్బందిగా ఉంటే, మీటింగ్‌ను మధ్యాహ్నానికి మార్చి యూనివర్సిటీ క్యాంటీన్‌లో తిందామని నువ్వే అడుగు. నువ్వు మార్చుకోవాల్సింది మీటింగ్ అవ్వగానే ఇంటికి వచ్చేయడం. గ్లాసులో ఏముండాలన్నది నీ ఇష్టం. నీ దగ్గర ఉంచుకోవాల్సినవి ఏవో, సందర్భాన్ని బట్టి సడలించగలిగేవి ఏవో ఒక కాగితం మీద రాసుకుంటే మంచిది. తాగకపోవడం, రోజూ అమ్మతో మాట్లాడటం, పండుగలు చేసుకోవడం మొదటి వైపు పడతాయని నా అంచనా. అడగందే మాట్లాడకపోవడం, తప్పు దొరికితే ముఖం చాటేయడం రెండో వైపు. కాగితం నీది, గీత కూడా నువ్వే గియ్యి.

నీ ఉత్తరంలో ఇంకో చిన్న వాక్యం ఉంది. నీ ఫోన్‌లో బతుకమ్మ ఫొటో చూసి ఆ ఇరాన్ అమ్మాయి ఇదేమిటని అడిగిందని. నువ్వు "పండుగ" అని చెప్పి ఊరుకున్నావట. ఎందుకు ఊరుకున్నావు బిడ్డా? తంగేడు, గునుగు పూలు వరుసలుగా పేర్చి, చుట్టూ తిరిగి పాడి, చెరువులో వదిలే పండుగ మనది. ఆ అమ్మాయి వాళ్లకు మార్చి 20, 21 వేళ నౌరూజ్ కొత్త సంవత్సరం. మొలకలు, వెల్లుల్లి, ఆపిల్, వెనిగర్ లాంటి ఏడు రకాలు బల్ల మీద పేర్చుకుంటారు. తనూ ఇల్లు విడిచి వచ్చిందే, తనకూ జర్మన్ రాదేమో. స్థానికులతో స్నేహం కుదరడానికి ఏడాది పట్టవచ్చు. నీలాగే బయటి నుంచి వచ్చిన మనిషితో అది తొందరగా కుదురుతుంది. ఈ నెలలోనే నౌరూజ్ శుభాకాంక్షలు చెప్పి, మీ ఇంట్లో ఎలా చేస్తారని అడుగు. తర్వాత బతుకమ్మ గురించి చెప్పే వీలు దానంతట అదే వస్తుంది.

ఫ్లాట్ దగ్గరికి వస్తే, నీ స్నేహితురాళ్ల మీద నాకు కోపం లేదు, నువ్వూ పెట్టుకోవద్దు. ఇందాక చెప్పిన కొలీన్ వార్డ్ ఇంకో ఉపయోగపడే తేడా చూపించారు. పరాయి దేశంలో మనసు కుదుటపడటం ఒకటి, అక్కడి పనులు చక్కబెట్టుకోవడం, జనంతో మెలగడం రావడం ఇంకోటి. రెంటికీ సంబంధం ఉన్నా ఒకటి వచ్చిందని రెండోది రాదు. మొదటిది నీకు ఆ ముగ్గురూ ఇస్తున్నారు. జ్వరం వస్తే చారు కాచి ఇచ్చేది వాళ్లే. రెండోది వాళ్లు ఇవ్వలేరు, వాళ్లకే లేదు కాబట్టి. పైగా ఇప్పుడు మనవాళ్ల సంఖ్య బాగా పెరిగింది. 2023-24 శీతాకాలం సెమిస్టర్‌లో జర్మనీలో భారతీయ విద్యార్థులు 49 వేలు దాటారు, విదేశీ విద్యార్థుల్లో వాళ్లే అందరికన్నా ఎక్కువ. ఇంతమంది ఉన్నచోట రెండేళ్లూ తెలుగు తప్ప ఇంకో మాట లేకుండా గడిపేయవచ్చు. నువ్వు ఆదివారం అడవికి వెళ్తే వాళ్లకు వేళాకోళం ఎందుకు వచ్చింది? బహుశా భయంతో. నువ్వు దూరమైతే ఆ ఇంట్లో ఒక మనిషి తగ్గుతుంది. "నేను కలిసిపోలేదు, వచ్చే ఆదివారం నువ్వు కూడా రా" అని ఒకరిని వెంట తీసుకెళ్లు. రానంటే నువ్వు వెళ్లు. రాత్రి వంటకు తిరిగి వచ్చేయి.

ఇప్పుడు బాపు. ఆయన మాట నిన్ను కోసిందని తెలుసు. ఆయన అబద్ధం చెప్పలేదు, పన్నెండేళ్లు ఉన్నాడు. కానీ ఆయన ఉన్న తీరు వేరు. 1970ల నుంచి కరీంనగర్ జిల్లా పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లలో చాలామందికి క్యాంపులో పక్క మంచం మీద పక్క ఊరి మనిషే ఉండేవాడు. ఎండ, అప్పు, ఇంటి బెంగ, ఆ కష్టం మామూలుది కాదు. నువ్వు ఆయనంత కష్టపడటం లేదన్నది కూడా నిజమే కావచ్చు. అయితే అక్కడ ఆయనను ఎవరూ నీ అభిప్రాయం చెప్పమని అడగలేదు. చెప్పిన పని ఓర్చుకుని చేస్తే సరిపోయింది. నీకు అది సరిపోదు. నీ చదువు నిన్ను ఎదురు మాట్లాడమంటోంది, తెలియనివాళ్లతో కలవమంటోంది. రెండు కష్టాలనూ ఒకే తక్కెడలో వేస్తే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

ఆయనను ఒక మాట అడిగి చూడు. "బాపూ, నీకు మొదటి ఏడాది ఎట్ల గడిచింది?" వస్తనని ఒక్కనాడూ అనలేదంటే, రావాలని అనిపించలేదని కాదు కదా. గల్ఫ్ నుంచి వచ్చిన మగవాళ్లు ఆ మొదటి ఏడాది గురించి భార్యకు కూడా చెప్పరు. అడిగే బిడ్డ ఉంటే చెప్తారు. ఆ మాట నడిచిన రోజునే పరీక్ష సంగతి కూడా చెప్పేయమంటాను. ఇప్పుడు చెబితే ఆయనకు ఒక సబ్జెక్టు పోయిందనే తెలుస్తుంది. ఏడాది తర్వాత ఇంకెవరి నోటో వింటే బిడ్డ తనను నమ్మలేదని తెలుస్తుంది. డబ్బు కారణం కూడా ఉంది. రెసిడెన్స్ పర్మిట్ పొడిగించుకునేటప్పుడు ఖర్చులకు డబ్బుందని మళ్లీ చూపించాలి, నెలకు 992 యూరోల లెక్కన. చదువు ఎంతవరకు వచ్చిందో కూడా చూస్తారు. ఇది ఆయనతో కలిసి ఆలోచించాల్సిన లెక్క. నువ్వొక్కదానివే మోస్తే నిద్ర పట్టదు. అమ్మకు ముందు చెప్పి ఆమెతో చెప్పించాలని అనిపించవచ్చు. చాలా ఇళ్లలో అలాగే చేస్తారు, కోపం మొదటి దెబ్బ అమ్మ మీద పడుతుంది. అది నీకు సమ్మతమేనా అని ఆలోచించుకో.

మూడో ప్రశ్న, తిరిగి రావాలా. నీ ముందు మూడు నాలుగు దారులున్నాయి.

అదే ఫ్లాట్‌లో ఉంటూ రోజులో కొంత భాగం మార్చుకోవడం ఒక దారి. ఆదివారం నడక, యూనివర్సిటీ నడిపే జర్మన్ క్లాసు, వారానికి ఒక భోజనం ప్రాజెక్టు వాళ్లతో. ఖర్చు దాదాపు లేదు, తోడు పోదు. ఇబ్బంది ఏమిటంటే సాయంత్రం ఐదింటికి అలసి ఇంటికొచ్చిన మనిషిని వేడి అన్నం, తెలుగు సినిమా వదలవు. నువ్వు గట్టిగా అనుకోకపోతే రెండు వారాల్లో మళ్లీ పాత పద్ధతే.

స్టూడెంట్ హాస్టల్లో నాలుగు దేశాలవాళ్లు వంటగది పంచుకునే గదికి మారడం ఇంకోటి. భాష, జనంతో మెలిగే తీరు రెండూ త్వరగా వస్తాయి. గది కోసం నెలల తరబడి వరుసలో ఉండాలి కాబట్టి ఇప్పుడే పేరు ఇచ్చి పెట్టవచ్చు, వచ్చినప్పుడు నిర్ణయించుకోవచ్చు. కానీ మనసు ఇంత అలసి ఉన్నప్పుడు ఉన్న తోడును ఒక్కసారిగా వదులుకోవడం కొందరికి ఇంకా కష్టమవుతుంది. మళ్లీ చలికాలం మొదలయ్యేలోపు, ఎండాకాలంలో మారితే నయం.

పార్ట్‌టైం పని కూడా దారే. ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు చేసే వీలుంది. బేకరీలోనో కేఫ్‌లోనో నిలబడితే క్లాసులో రాని జర్మన్ వస్తుంది, బాపు మీద భారం కొంత తగ్గుతుంది. ఒక పరీక్ష మళ్లీ రాయాల్సిన సెమిస్టర్‌లో గంటలు పెంచుకుంటే మాత్రం ఇంకో సబ్జెక్టుకు ముప్పు.

ఇక వచ్చేయడం. దాన్ని నేను పరువు తక్కువ అనను. కొందరికి అదే సరైన నిర్ణయం అవుతుంది. బ్లాక్డ్ అకౌంట్‌లో మిగిలిన డబ్బు వెనక్కి తీసుకునే పద్ధతి ఉంది, అయినా అప్పు, వడ్డీ ఉంటాయి, డిగ్రీ ఉండదు. మధ్యదారిగా ఒక సెమిస్టర్ సెలవు పెట్టవచ్చా అంటే, నీ పర్మిట్ చదువు కోసం ఇచ్చినది కాబట్టి ముందు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసును, విదేశీయుల ఆఫీసును అడగకుండా అడుగు వేయొద్దు. నన్ను అడిగితే, ఈ నిర్ణయాన్ని చీకటి నెలల అలసటతో తీసుకోవద్దంటాను. ఏప్రిల్‌లో మొదలయ్యే సెమిస్టర్ నడవనీ, ఆ పరీక్ష మళ్లీ రాయి, జులై చివర్లో ఆలోచించు. అప్పుడు కూడా రావాలనే అనిపిస్తే రా. ఇల్లు ఎక్కడికీ పోదు.

పరీక్ష గురించి ఒక్క మాట. పుస్తకంలోది మొత్తం గుర్తుండి కూడా ఎందుకు పోయిందో అర్థం కాలేదన్నావు. ప్రశ్నలు "ఈ పద్ధతి ఇక్కడ సరిపోతుందా, ఎందుకు" అన్న తీరులో వచ్చాయని నువ్వే రాశావు. మీటింగ్‌లో నీకు కష్టమవుతున్నది, అక్కడ కష్టమైనది ఒకటే. ఒకచోట నోరు తెరిస్తే రెండోచోట పెన్ను కదులుతుంది. జర్మన్ యూనివర్సిటీల్లో దిద్దిన పేపర్‌ను కూర్చుని చూసుకునే వీలిస్తారు, ఐన్‌జిష్ట్ అంటారు. వెళ్లు. మార్కులు ఎక్కడ పోయాయో చూడు, అర్థం కాకపోతే అక్కడే అడుగు. చాలాచోట్ల ఒక పరీక్షకు మూడు అవకాశాలే ఉంటాయి. మూడూ పోతే మామూలుగా జర్మనీలో ఆ కోర్సు ఇంకెక్కడా చదవనివ్వరు. కాబట్టి నీ కోర్సు నిబంధనల్లో ఎన్ని అవకాశాలు రాసుందో చదువు. మళ్లీ రాసే పరీక్షకు పేరు నువ్వే నమోదు చేసుకోవాలేమో, దానికి గడువు ఎప్పుడో కూడా చూసుకో. ఐన్‌జిష్ట్‌కు చాలాసార్లు ఒకటే తేదీ ఇస్తారు, దాటితే మళ్లీ దొరకడం కష్టం. ఈ ఉత్తరం చదవడం అవ్వగానే ముందు ఆ మెయిల్ వెతుకు.